మీ ఆఫీసు ఈపీఏబీఎక్స్‌కి వాయిస్‌మెయిల్ కుదురుతుందా? కొనేముందే తేల్చుకునే పద్ధతి

"ఏ ఈపీఏబీఎక్స్‌కైనా పనిచేస్తుందండీ, డౌట్ పెట్టుకోకండి" అనే మాట వాయిస్‌మెయిల్ అమ్మేవాళ్ల నోట తరచూ వింటాం. ఈపీఏబీఎక్స్ అంటే ఆఫీసులోని ఎక్స్‌టెన్షన్ ఫోన్లన్నిటినీ బయటి లైన్లతో కలిపే పెట్టె, వాయిస్‌మెయిల్ అంటే ఎవరూ ఎత్తని కాల్‌ని తానే ఎత్తి మెసేజ్ రికార్డు చేసుకునే పెట్టె. అది అబద్ధమేమీ కాదు. ఒక ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి వాయిస్‌మెయిల్ పెట్టె వెనక గుచ్చితే అది ఫోన్ ఎత్తుతుంది, మాట రికార్డు చేస్తుంది. కానీ మనం డబ్బులు పెడుతున్నది దానికి మాత్రమే కాదు కదా.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్‌స్టోరేజీ ఆఫీసు అనుకోండి. సీజన్‌లో పొద్దుపోయాక వినుకొండ నుంచో ఖమ్మం నుంచో ఒక రైతు ఫోన్ చేస్తాడు, అకౌంట్స్ వాళ్ల ఎక్స్‌టెన్షన్ 204 ఎవరూ ఎత్తరు, కాల్ వాయిస్‌మెయిల్‌కి పోతుంది. అక్కడ ఆయనకి "అకౌంట్స్ వాళ్లు ఇప్పుడు లేరు, మీ పేరు, లాట్ నంబరు చెప్పండి" అని వినపడాలి. ఆయన పెట్టేయగానే రికార్డింగ్ ఆగాలి. పొద్దున 204 ఫోన్ మీద లైటు వెలగాలి. సర్దుబాటు సరిగ్గా లేనిచోట జరిగేది వేరు: "దయచేసి మెయిల్‌బాక్స్ నంబరు నొక్కండి" అని ఇంగ్లీషులో అడుగుతుంది, రైతుకి మెయిల్‌బాక్స్ ఏంటో తెలియక కట్ చేస్తాడు, ఆ తర్వాత మూడు నిమిషాలపాటు కుయ్‌మంటున్న బిజీ టోన్‌ని పెట్టె శ్రద్ధగా రికార్డు చేసి పెట్టుకుంటుంది. పదిరోజులు తిరిగేసరికి మెయిల్‌బాక్స్ నిండిపోతుంది. అప్పుడు ఈపీఏబీఎక్స్ అతను వాయిస్‌మెయిల్‌ది తప్పంటాడు, వాయిస్‌మెయిల్ అతను ఈపీఏబీఎక్స్‌ది తప్పంటాడు, ఎవరికి వారే యమునా తీరే.

ఈ రెండు పెట్టెలకీ ఐదు విషయాల్లో పొత్తు కుదరాలి. కాల్ ఎవరికోసం వచ్చిందో ఈపీఏబీఎక్స్ చెప్పగలగాలి. నొక్కిన అంకెలు వాయిస్‌మెయిల్‌కి అర్థం కావాలి. అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడని దానికి తెలియాలి. కాల్‌ని ఇంకో ఎక్స్‌టెన్షన్‌కి తిప్పగలగాలి. మెసేజ్ ఉందని లైటు వెలిగించగలగాలి. అనలాగ్ పోర్టు (మామూలు రెండు తీగల ఫోన్ పెట్టే చోటు) మీద కలిపే వాయిస్‌మెయిల్ అయితే ఈ ఐదింటినీ ఫ్లాష్ బటన్ ఉన్న ఒక మామూలు ఫోన్‌తో, వాయిస్‌మెయిల్ కొనకముందే, మీరే పరీక్షించుకోవచ్చు. ఎందుకంటే ఈపీఏబీఎక్స్ దృష్టిలో ఆ పెట్టె కూడా ఒక ఎక్స్‌టెన్షన్ ఫోనే. ఆ పోర్టులో పెట్టిన ఫోన్‌కి వినపడేదే దానికీ వినపడుతుంది, ఆ ఫోన్ చేయలేనిది అదీ చేయలేదు.

ముందు గోడ మీద ఉన్నదేంటో చూడండి

మూత మీద స్టిక్కర్‌లో ఉన్న మోడల్ నంబరు రాసుకోండి. మన దగ్గర చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనపడేవి పానాసోనిక్, మ్యాట్రిక్స్, సింటెల్, ఎన్ఈసీ. కంపెనీ పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు, లోపల ఏ కార్డులు ఉన్నాయో, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఎంతో కూడా కావాలి. ఉదాహరణకి పానాసోనిక్ కేఎక్స్-టీఈఎస్824 మూడు బయటి లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లతో మొదలవుతుంది, కార్డులు వేసుకుంటూ పోతే 8 లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్ల దాకా వెళ్తుంది. దానికి కంపెనీ సొంత వాయిస్ మెసేజ్ కార్డు కూడా విడిగా ఉంది, అది దొరికితే బయటి పెట్టెతో పనే లేకపోవచ్చు.

తర్వాత ఫోన్ తీగలన్నీ వచ్చి చేరే క్రోన్ ప్యానెల్ దగ్గరికి వెళ్లి ఖాళీగా ఉన్న ఎస్ఎల్‌టీ పోర్టులు ఎన్నో లెక్కపెట్టండి. ఎస్ఎల్‌టీ అంటే మామూలు రెండు తీగల ఫోన్ పనిచేసే పోర్టు. డిస్‌ప్లే, బటన్లు ఉన్న కీఫోన్ పెట్టే డిజిటల్ పోర్టులో అనలాగ్ వాయిస్‌మెయిల్ పనిచేయదు, కొన్ని మోడల్స్‌లో మాత్రం ఒకే జాక్ రెండింటికీ పనికొస్తుంది. ఎక్స్‌టెన్షన్లన్నీ వాడేసి ఉంటే కార్డు ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

ఇంకోటి, ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోండి. పదేళ్ల కిందట బిగించినతను ఊరు మారిపోయి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని ఆఫీసులు బెజవాడ వన్‌టౌన్‌లో బోలెడు. పాస్‌వర్డ్ లేకుండా కింద చెప్పేవేవీ జరగవు. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పాత ప్రోగ్రామింగ్ అంతా పోతుంది, కాబట్టి ఆ దారి ఆఖరున.

ఏ దారిలో కలుపుతారో తేల్చుకోండి

మొదటిది సొంత కుటుంబం దారి. అదే కంపెనీ ఈపీఏబీఎక్స్, అదే కంపెనీ వాయిస్‌మెయిల్. పానాసోనిక్‌లో దీన్ని డీపీటీ ఇంటిగ్రేషన్ అంటారు: వాయిస్‌మెయిల్ పెట్టె డిజిటల్ పోర్టులో కీఫోన్‌లాగా కూర్చుని, ఎవరు ఎవరికి చేశారు, ఎందుకు ఇటు వచ్చింది అన్న సమాచారమంతా డేటాగానే అందుకుంటుంది. అవయ్యా ఐపీ ఆఫీస్‌కి వాయిస్‌మెయిల్ ప్రో అనే సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ మీద కలుస్తుంది. తలనొప్పి తక్కువ, ఖర్చు ఎక్కువ. ఈ దారిలో వేరే కంపెనీ పెట్టె చొరబడటం కష్టం. 1982లో అమెరికాలో మొదలైన ఆక్టెల్ అనే కంపెనీ వాయిస్‌మెయిల్‌లో పెద్దపేరు తెచ్చుకుందంటే, రకరకాల కంపెనీల స్విచ్‌లతో (అంటే ఈపీఏబీఎక్స్‌లాంటి పెట్టెలతో) తన పెట్టెని కలపగలగడం అందులో పెద్ద భాగం. సిస్కో వాయిస్‌మెయిల్‌ని పరాయి స్విచ్‌కి కలపాలంటే మధ్యలో డిజిటల్ ఫోన్‌లా నటించే గేట్‌వేలు వాడే పద్ధతి ఉంది.

రెండోది ఇన్‌బ్యాండ్ డీటీఎంఎఫ్. డీటీఎంఎఫ్ అంటే ఫోన్ బటన్లు నొక్కితే వచ్చే టోన్లు. చిన్న ఆఫీసుల్లో మనకి ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. వాయిస్‌మెయిల్ ఫోన్ ఎత్తగానే ఈపీఏబీఎక్స్ ఆ లైన్ మీదే టకటకా కొన్ని అంకెల టోన్లు పంపిస్తుంది, వాటిలోనే సమాచారమంతా ఉంటుంది.

మూడోది ఎస్ఎండీఐ. మాట ఫోన్ తీగ మీద, సమాచారం మాత్రం ఆర్ఎస్-232 సీరియల్ కేబుల్ మీద. పెద్ద పాత ఎక్స్ఛేంజీల్లో ఉంటుంది, మీ ఆఫీసులో ఉందంటే మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

నాలుగోది సిప్, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ పీబీఎక్స్‌ల దారి. దాని సంగతి చివర్లో.

ఫోన్ పెట్టి వినండి

ఇక్కడ కాస్త ఓపిక కావాలి. ఖాళీ ఎస్ఎల్‌టీ పోర్టు ఒకటి తీసుకోండి, దాని నంబరు 230 అనుకుందాం. ప్రోగ్రామింగ్‌లో ఆ పోర్టుని వాయిస్‌మెయిల్ పోర్టుగా మార్చండి. ఈ మార్పు చేయకపోతే చాలా మోడల్స్ అంకెలే పంపవు, "మా ఈపీఏబీఎక్స్ ఇంటిగ్రేషన్ ఇవ్వదు" అని అనేసుకునే వాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే. ఆ మార్పుకి ఆప్షనే కనపడకపోతే మాన్యువల్‌లో వాయిస్‌మెయిల్ అధ్యాయం ఉందో లేదో చూడండి. నిజంగానే లేకపోతే ఆ ఈపీఏబీఎక్స్‌కి కాల్ ఎవరికోసమో చెప్పడం రాదు, అంతే.

ఇప్పుడు 230లో స్పీకర్ ఉన్న ఫోన్ పెట్టండి. 204కి కాల్ ఫార్వర్డ్ వేయండి, ఎత్తకపోయినా బిజీగా ఉన్నా 230కి వెళ్లేలా. మీ మొబైల్లో వాయిస్ రికార్డర్ ఆన్‌చేసి స్పీకర్ పక్కన పెట్టి, 201 నుంచి 204కి చేయించండి. 230 మోగుతుంది, ఎత్తండి, మాట్లాడకండి. ఎత్తిన సెకనులోపే పిప్‌పిప్‌పిప్ మని గబగబా కొన్ని టోన్లు వినపడితే శుభం. ఆ రికార్డింగ్‌ని డీటీఎంఎఫ్ డీకోడర్ యాప్‌లో వేస్తే ఏ అంకెలో బయటపడతాయి. ఉదాహరణకి "స్టార్ 3 201 204" అని వచ్చిందనుకోండి, 3 అంటే ఎత్తలేదని, 201 చేసినవాళ్లు, 204 ఎవరికోసమో వాళ్లు. మీ మోడల్లో వరుస ఇలాగే ఉండాలని లేదు, నేను ఊరికే చూపిస్తున్నాను. కొన్ని స్విచ్‌లు ఎ, బి, సి, డి అనే నాలుగు అదనపు టోన్లు కూడా వాడతాయి, మామూలు ఫోన్ మీద ఆ బటన్లు ఉండవు కాబట్టి బయటివాడెవడూ అంకెలు నొక్కి పెట్టెని మోసం చేయలేడు. అవి వస్తే మీరు కొనే వాయిస్‌మెయిల్ వాటిని గుర్తుపడుతుందో లేదో అడగాలి.

ఒక్క కాల్‌తో ఆపకండి. లోపలి కాల్ ఎత్తనప్పుడు, 204 బిజీగా ఉన్నప్పుడు, ఎవరైనా నేరుగా 230కి చేసినప్పుడు, బయటి లైన్ కాల్ నేరుగా 204కి వచ్చి ఎత్తనప్పుడు, ఒక్కొక్కటీ విడిగా చూసి కాగితం మీద రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరుది: బయటినుంచి కాల్ రిసెప్షన్‌కి వస్తుంది, రిసెప్షన్ అమ్మాయి 204కి ట్రాన్స్‌ఫర్ చేసి పెట్టేస్తుంది, 204 ఎత్తరు, 230కి వస్తుంది. ఇప్పుడు ఎవరి నంబరు వచ్చింది? కొన్ని స్విచ్‌లు 204 బదులు రిసెప్షన్ నంబరు పంపిస్తాయి. అలాగైతే అందరి మెసేజ్‌లూ రిసెప్షన్ మెయిల్‌బాక్స్‌లో పడతాయి. మన ఆఫీసుల్లో బయటి కాల్స్‌లో చాలావరకు రిసెప్షన్ మీదుగానే వస్తాయి కాబట్టి, ఈ ఒక్క పరీక్షలో తప్పితే మిగతావి ఎన్ని పాసైనా దండగే.

కాగితం తయారయ్యాక వాయిస్‌మెయిల్ అమ్మేవాళ్లకి చూపించి ఒకే ప్రశ్న అడగండి: "ఈ అంకెల వరుసల్ని మీ పెట్టెలో ఎంటర్ చేసుకునే వీలుందా?" పనికొచ్చే పెట్టెలో దీనికోసం ఒక ఇంటిగ్రేషన్ పట్టిక ఉంటుంది. బ్రోచర్‌లో ఉన్న కంపెనీ పేర్ల జాబితాకన్నా ఈ పట్టిక మీదే నాకు ఎక్కువ నమ్మకం.

అదే కూర్చోవడంలో అంకెల సంగతి కూడా చూసేయండి. మొబైల్ నుంచి బయటి లైన్‌కి చేసి, 230లో ఎత్తి, మొబైల్ మీద 1 నుంచి 9 దాకా నొక్కి రికార్డు చేసి డీకోడ్ చేయండి. మొబైల్లో నొక్కిన అంకె టోన్‌గా నేరుగా రాదు, నెట్‌వర్క్‌లో మళ్లీ తయారై వస్తుంది, కాబట్టి దానికన్నా మధ్యలో పాత తీగలు, తుప్పు పట్టిన జాయింట్లు తెచ్చే గోలే ఎక్కువ. ఒక అంకె రెండుసార్లు పడుతోందంటే ముందు లైన్ బాగుచేయించండి. తర్వాత గ్రీటింగ్ నడుస్తుండగా నొక్కితే పట్టట్లేదు, ఆగాక నొక్కితే పడుతోంది అంటే గ్రీటింగ్ సౌండే ఎకో అయి అడ్డొస్తోందని అర్థం, రికార్డింగ్ సౌండ్ తగ్గించండి.

పెట్టేశాడని ఎలా తెలుస్తుంది

బిజీ టోన్ల రికార్డింగులకి మూలం ఇక్కడుంది. అనలాగ్ లైన్ మీద అవతలివాడు పెట్టేశాడని తెలియడానికి ప్రధానంగా మూడు దారులు: లైన్‌లో కరెంటు క్షణంపాటు తెగడం, పోలారిటీ (ప్లస్, మైనస్) తిరగబడటం, లేదా టోన్ రావడం. మొదటి రెండూ పక్కా. మూడోదానికి వాయిస్‌మెయిల్‌కి ఆ టోన్ ముందే తెలిసి ఉండాలి.

మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్‌జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. డయల్ టోన్ అదే 400, దాని మీద 25 హెర్ట్‌జ్ అల. అమెరికా బిజీ టోన్ 480, 620 కలిపి, అరసెకను మోగి అరసెకను ఆగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే దిగుమతి పెట్టెలు అమెరికా సెట్టింగ్‌తో వచ్చి, మన టోన్‌ని మనిషి గొంతు అనుకుని రికార్డు చేస్తూ కూర్చుంటాయి. పైగా బయటి లైన్ టోన్ వేరు, మీ ఈపీఏబీఎక్స్ లోపల తయారుచేసే టోన్ వేరు కావచ్చు. వాయిస్‌మెయిల్ చివరకి వినేది లోపలిదే.

పరీక్ష: మొబైల్ నుంచి బయటి లైన్‌కి చేయండి, 230లో ఎత్తండి, మొబైల్ కట్ చేయండి, 230 చెవి దగ్గరే ఉంచుకుని వాచీ చూడండి. ఎన్ని సెకన్లకి ఏం వినపడింది? టక్‌మని ఆగి డయల్ టోన్ వచ్చిందా, బిజీ వచ్చిందా, నిశ్శబ్దమేనా? మల్టీమీటర్ ఉంటే 230 తీగల మీద డీసీలో పెట్టి చూడండి. ఫోన్ ఎత్తినప్పుడు సుమారు పది వోల్టులలోపు ఉంటుంది, మొబైల్ కట్ చేసినప్పుడు అది క్షణం సున్నాకి పడి లేస్తే కరెంటు తెగుతోందన్నమాట. రింగ్ వచ్చేటప్పుడు మాత్రం తీగలు ముట్టుకోకండి, ఏసీ డెబ్భై ఎనభై వోల్టులు ఉంటుంది, చిన్న షాకే కానీ నిచ్చెన మీదుంటే కిందపడతారు.

నిశ్శబ్దం తప్ప ఏమీ రాకపోతే సమస్య చాలావరకు ఈపీఏబీఎక్స్‌లోనే ఉంటుంది. బయటి లైన్ నుంచి కట్ సిగ్నల్ వచ్చినా అది లోపలికి పంపట్లేదు. ట్రంక్ (బయటి లైన్) ప్రోగ్రామింగ్‌లో సీపీసీ (కరెంటు తెగడం), పోలారిటీ, బిజీ టోన్ గుర్తింపు అని ఆప్షన్లు ఉంటాయి, ఒక్కోటి మార్చి ఒక్కోసారి పరీక్షించండి, అన్నీ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. రాగి లైన్ పోయి ఫైబర్ వచ్చినచోట ఇంకో మెలిక ఉంది: ఇప్పుడు మీ ఈపీఏబీఎక్స్‌కి టోన్ ఇస్తున్నది ఎక్స్ఛేంజి కాదు, ఫైబర్ వచ్చి చేరే గోడమీది ఓఎన్‌టీ డబ్బా. కట్ సిగ్నల్ ఎలా రావాలో ఆ డబ్బా సెట్టింగే నిర్ణయిస్తుంది. ఫైబర్‌కి మారిన వారం నుంచి వాయిస్‌మెయిల్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తోందంటే ముందు అక్కడ వెతకండి.

చివరి రక్షణగా వాయిస్‌మెయిల్‌లో ఒక మెసేజ్ నిడివి 90 సెకన్లకి, నిశ్శబ్దం 5 సెకన్లకి కట్టడి చేయండి. ఇది మందు కాదు, నష్టం తగ్గించడం మాత్రమే.

కాల్ తిప్పడం

"అకౌంట్స్‌కి ఒకటి నొక్కండి" అని వాయిస్‌మెయిల్ చేతే చెప్పించి కాల్ తిప్పించాలనుకుంటే ఫ్లాష్ టైమ్ సరిపోవాలి. ఫ్లాష్ అంటే లైన్‌ని కొన్ని వందల మిల్లీసెకన్లు తెంచి కలపడం. మరీ తక్కువైతే ఈపీఏబీఎక్స్ పట్టించుకోదు, ఎక్కువైతే పెట్టేశారనుకుని కాల్ కట్ చేస్తుంది. 230 మీద ఫ్లాష్ నొక్కి 204 డయల్ చేసి, వాళ్లు ఎత్తకముందే పెట్టేయండి. కాల్ వెళ్లిందా? వెళ్తే ఆ ఫోన్ ఫ్లాష్ ఎంతో దాని అడుగున చూసి వాయిస్‌మెయిల్‌లో అదే పెట్టించండి.

వెళ్లాక 204 ఎత్తకపోతే ఏమవుతుందో కూడా చూడండి. చాలా స్విచ్‌లు ట్రాన్స్‌ఫర్ రీకాల్ అని, కొంతసేపయ్యాక కాల్‌ని పంపినవాళ్లకే వెనక్కి ఇస్తాయి. పంపింది వాయిస్‌మెయిల్ కదా, కాల్ దానికే తిరిగొస్తుంది, అది మళ్లీ మొదటినుంచి స్వాగతం చెబుతుంది, పాపం రైతు మళ్లీ ఒకటి నొక్కుతాడు. దీనికి విరుగుడు టైమర్లలో ఉంది. మన రింగ్ చక్రం 3 సెకన్లు, అంటే ఐదు రింగులు 15 సెకన్లు. ఎత్తకపోతే ఫార్వర్డ్ అయ్యే టైమ్ 15 పెట్టి, రీకాల్ టైమ్ 40 పైన పెడితే ఫార్వర్డే ముందు జరుగుతుంది, మెసేజ్ 204 బాక్స్‌లో పడుతుంది.

ఈపీఏబీఎక్స్‌లోనే, బయటి కాల్‌ని తానే ఎత్తే డీసా కార్డుతో వెల్‌కమ్ మెసేజ్ ఉంటే, స్వాగతం దానికే వదిలేసి వాయిస్‌మెయిల్‌ని మెసేజ్‌లకే వాడండి. ఇద్దరూ స్వాగతం చెప్తే ఫోన్ చేసినవాడికి విసుగు.

లైటు

230 మీది ఫోన్ నుంచే మెసేజ్ వెయిటింగ్ కోడ్ (మెసేజ్ ఉందని లైటు వెలిగించే కోడ్), దాని వెనక 204 డయల్ చేయండి. 204 మీద లైటు వెలిగితే వాయిస్‌మెయిల్ కూడా అదే డయల్ చేసి వెలిగించగలదు. ఆర్పే కోడ్ వేరే ఉంటుంది, దాన్నీ చూడండి, ఆరని లైటుని రెండు వారాల తర్వాత ఎవరూ నమ్మరు. మామూలు అనలాగ్ ఫోన్ల మీద నియాన్ లైటు వెలగాలంటే తొంభై వోల్టులు దాకా కావాలి, చిన్న ఈపీఏబీఎక్స్‌లు చాలావరకు అంత ఇవ్వవు. వాటిలో ఫోన్ ఎత్తగానే డయల్ టోన్ తెగితెగి వస్తుంది, అదే గుర్తు. స్టాఫ్‌కి ఆ మాట చెప్పకపోతే ఫోన్ పాడైందని మీకే కంప్లైంట్ ఇస్తారు.

ఎన్ని పోర్టులు, ఎవరికి ఏ హక్కు

సాయంత్రం రద్దీ గంటలో 40 కాల్స్, ఒక్కోటి 90 సెకన్లు అనుకుందాం. మొత్తం 3,600 సెకన్లు, అంటే సరిగ్గా 1 ఎర్లాంగ్, ఒక పోర్టు గంటంతా నిండుగా ఉన్నట్టు. రెండు పోర్టులే ఉంటే అయిదింటిలో ఒక కాల్‌కి చోటుండదు, నాలుగుంటే నూటికి ఒకటో రెండో. అందుకని సీజన్‌లో రద్దీ ఉండే ఆఫీసులకి రెండు చాలవు, సూర్యారావుపేటలో ఒక డాక్టరుగారి క్లినిక్‌కి రెండు సరిపోవచ్చు. పోర్టులన్నిటినీ ఒక హంట్ గ్రూపులో (ఒకటి బిజీ అయితే కాల్ ఇంకోదానికి వెళ్లేలా) వేసి, ఫార్వర్డ్ ఆ గ్రూపు నంబరుకి ఇవ్వండి, విడి పోర్టుకి కాదు. గ్రూపు నిండితే రిసెప్షన్‌కి వెళ్లేలా ఓవర్‌ఫ్లో పెట్టండి.

వాయిస్‌మెయిల్ పోర్టుల మీద కాల్ వెయిటింగ్, డీఎన్‌డీ (కాల్స్ రాకుండా ఆపడం), బార్జ్-ఇన్ (నడుస్తున్న కాల్‌లోకి దూరడం) ఆపేయాలి. రికార్డింగ్ మధ్యలో కాల్ వెయిటింగ్ బీప్ పడితే పెట్టె దాన్ని ఏ సిగ్నల్‌గానైనా పొరబడొచ్చు. ఇక తప్పకుండా చేయాల్సింది, ఆ పోర్టులకి బయటి లైన్ అందకుండా చేయడం. డిఫాల్ట్ పాస్‌వర్డ్ 1234 అలాగే ఉన్న వాయిస్‌మెయిల్‌లోకి రాత్రిపూట దూరి, దాని ద్వారా ఐఎస్‌డీ కాల్స్ కొట్టే దొంగలు ప్రపంచమంతా ఉన్నారు, బిల్లు మాత్రం మీకొస్తుంది. లోపలి ఎక్స్‌టెన్షన్లు తప్ప ఇంకేదీ డయల్ కాకుండా క్లాస్ ఆఫ్ సర్వీస్ (ఏ పోర్టు ఏం డయల్ చేయొచ్చో చెప్పే సెట్టింగ్) పెట్టండి.

ఐపీ దారి, లేదా చిన్న కంప్యూటర్‌తో సొంతంగా

మీది ఐపీ పీబీఎక్స్ అయితే పై పరీక్షలే పేరు మార్చుకుంటాయి. కాల్ ఎవరికోసం అన్నది కాల్‌తోపాటు వచ్చే సమాచారంలో, డైవర్షన్ హెడర్‌లోనో హిస్టరీ-ఇన్ఫో హెడర్‌లోనో వస్తుంది, రెండు వైపులా ఒకటే వాడుతున్నారా అని అడగండి. లైటు సంగతి ఆర్ఎఫ్‌సీ 3842 అనే ఇంటర్నెట్ ప్రమాణం చూసుకుంటుంది. అంకెలు ఆర్ఎఫ్‌సీ 4733 పద్ధతిలో విడిగా వెళ్లాలి. జీ.729లాంటి, మాటని కుదించే కోడెక్ (మాటని డేటాగా మార్చే పద్ధతి) వాడుతూ అంకెల్ని మాటతో కలిపి పంపితే టోన్లు చెడిపోతాయి. జీ.711 వాడితే నిమిషానికి 480 కేబీ, ఒక జీబీలో ముప్ఫై నాలుగు గంటల మెసేజ్‌లు పడతాయి, ఈ రోజుల్లో డిస్క్ గురించి ఆలోచించక్కర్లేదు.

పాత అనలాగ్ ఈపీఏబీఎక్స్‌ని మార్చకుండా సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లకి ఆస్టరిస్క్ ఉంది. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, పాత డెస్క్‌టాప్ చాలు. ఈపీఏబీఎక్స్‌కి, దానికి మధ్య ఫోన్ తీగని కంప్యూటర్ నెట్‌వర్క్‌కి కలిపే నాలుగు పోర్టుల ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే కావాలి. ఎఫ్ఎక్స్ఓ అంటే డయల్ టోన్ తీసుకునేది, ఎఫ్ఎక్స్ఎస్ అంటే ఇచ్చేది. మీ ఎక్స్‌టెన్షన్ ఇప్పటికే టోన్ ఇస్తోంది కాబట్టి తీసుకునేదే కొనాలి, షాపులో పేర్లు తారుమారవుతుంటాయి, డబ్బా మీద చదివి తీసుకోండి. గేట్‌వేలో దేశం ఇండియా పెట్టి, బిజీ టోన్ 750-750 మిల్లీసెకన్లు ఇవ్వండి. ఆస్టరిస్క్ డయల్‌ప్లాన్‌లో (ఏ కాల్‌ని ఏం చేయాలో రాసే చోట) కాల్ ఎత్తగానే వెంటనే గ్రీటింగ్ పాడించకుండా ఒకటి రెండు సెకన్లు ఆగి, ఈపీఏబీఎక్స్ పంపే అంకెల్ని రీడ్ అనే కమాండ్‌తో చదివించి, అందులోంచి 204 విడదీసి ఆ మెయిల్‌బాక్స్‌కి పంపించాలి. మీరు ఇందాక కాగితం మీద రాసుకున్నది ఇక్కడ నేరుగా పనికొస్తుంది. మెసేజ్ ఆడియో ఫైల్‌గా ఈమెయిల్‌కి వచ్చేస్తుంది, ఆడిటర్‌గారు హైదరాబాద్‌లో ఉన్నా వింటారు. అయితే ఈ గేట్‌వేతో విదేశాల నుంచి ఇంటర్నెట్ కాల్స్ తెచ్చి లోకల్ లైన్‌లో పడేయడం లాంటి ప్రయోగాలు చేయకండి, అది నేరం.

గ్రీటింగ్, కరెంటు

పెట్టెలో వచ్చే గొంతు ఎక్కువగా ఇంగ్లీషు, మహా అయితే హిందీ. తెలుగులో మీరే రికార్డు చేయించండి, 8 కిలోహెర్ట్‌జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైల్. పది సెకన్లు దాటొద్దు, వెనకాల సన్నాయి వద్దు. ముందు ఆఫీసు పేరు, తర్వాత ఏం చెప్పాలో, ఆఖరున "బీప్ వచ్చాక మాట్లాడండి". "దయచేసి మీ సందేశాన్ని నమోదు చేయగలరు" లాంటివి వింటే మన రైతులు బ్యాంకు ఫోన్ అనుకుని పెట్టేస్తారు. "మీ పేరు, ఊరు, లాట్ నంబరు చెప్పండి, పొద్దున పదికల్లా మేమే చేస్తాం" అంటే చెప్తారు. పదికల్లా చేయాలి మరి.

వాయిస్‌మెయిల్‌ని ఈపీఏబీఎక్స్ ఉన్న బ్యాటరీ మీదే, లేదా అదే యూపీఎస్ మీదే పెట్టండి. ఈపీఏబీఎక్స్ కరెంటు రాగానే గబుక్కున లేస్తుంది, వాయిస్‌మెయిల్ లేవడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు, ఆలోపు ఫార్వర్డ్ అయిన కాల్స్ ఊరికే మోగుతూ ఉంటాయి. డబ్బులు పూర్తిగా ఇచ్చేముందు ఒక సాయంత్రం మెయిన్ ఆఫ్ చేయించి, బ్యాటరీ కూడా తీయించి, పది నిమిషాల తర్వాత తిరిగి ఇప్పించండి. లేచాక తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా, మెయిల్‌బాక్స్‌లు ఉన్నాయా, మీ తెలుగు గ్రీటింగ్ ఉందా లేక పాత ఇంగ్లీషు గొంతు తిరిగొచ్చిందా చూసుకుని, ఈపీఏబీఎక్స్ ప్రోగ్రామింగ్ బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో, పాస్‌వర్డ్ ఒక కవర్లో పెట్టి మీ దగ్గర ఉంచుకున్నాకే మిగతా చెక్కు రాయండి.